తుఫానుకు పేరు పెట్టిన నావికుడు: హెన్రీ పిడింగ్టన్

బంగాళాఖాతపు ఒడ్డున పుట్టి పెరిగినవారికి తుఫాను అన్న మాటకు అర్థం నిఘంటువులో వెదకవలసిన అగత్యం లేదు. కార్తీకమాసం ప్రవేశించిందంటే చాలు, మైపాడు మొదలు రామాయపట్నం వరకు గల పల్లెలలో తూర్పు దిక్కున మబ్బు ఏ రంగున ఉన్నదో చూడకుండా వల భుజాన వేసుకొనేవారు అరుదు. కాని మంచు తుఫాను సంగతి వేరు. మన నెల్లూరు సీమలో మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున వరిచేల మీద పరచుకొనే పొగవంటి తెర, గడ్డిపరకల మీది తడి. అది ఎవరినీ చంపదు, ఏ ఇంటి కప్పునూ ఎగురగొట్టదు. అంత మెత్తని మాటను తుఫానుకు జతచేసి మన పత్రికలు మంచు తుఫాను అని వ్రాసినప్పుడు, చదివేవారి మనస్సులో ఏ బొమ్మ ఏర్పడుతుందో ఊహించడం కష్టం. 2016 జనవరిలో అమెరికా తూర్పుతీరాన్ని ఒక గొప్ప మంచు తుఫాను ముంచెత్తినప్పుడు, న్యూజెర్సీలో కాపురమున్న తెలుగువారు ఇంటి తలుపు తెరవడానికి వీలులేక కూర్చుంటే, ఇక్కడి తల్లిదండ్రులు దానిని వానగా, ఉప్పెనగా ఊహించుకొని తల్లడిల్లారు. మాట ఒకటే, అది చూపే దృశ్యం మాత్రం రెండుచోట్లా ఒకటి కాదు.

ఆంగ్లంలో దానికి బ్లిజర్డ్ అని పేరు. ఆ మాటకు మొదట మంచుతో సంబంధమే లేదు. గట్టి దెబ్బ అనో, తుపాకి పేలుడు అనో అమెరికా పల్లెలలో వాడుక. 1870లో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణపు పత్రిక దానిని మంచు తుఫానుకు వాడింది. పదేండ్లు తిరిగేసరికి దేశమంతా పాకింది. నేడు అమెరికా వాతావరణశాఖ లెక్కలో గంటకు 56 కిలోమీటర్లకు తగ్గని గాలి, పావుమైలు దూరంలోని వస్తువు కూడా కనబడకుండా చేసే మంచు, ఈ రెండూ మూడు గంటలైనా నిలిస్తేనే అది బ్లిజర్డ్. ఆకాశం నుంచి కొత్త మంచు కురవనక్కరలేదు. నేల మీద పడివున్న మంచును గాలి లేపినా చాలును. అనగా అక్కడ ప్రాణం తీసేది మంచుకన్న గాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చింది అని శాస్త్రజ్ఞులను అడిగితే వారు చెప్పే సమాధానంలో మరొక మాట వస్తుంది. అది సైక్లోన్. 1888 మార్చిలో న్యూయార్కు నగరాన్ని పూడ్చివేసిన సుప్రసిద్ధమైన మంచు తుఫాను కూడా సముద్రతీరం వెంట సాగిన ఒక సమశీతోష్ణ మండలపు సైక్లోను సంతానమే.

ఆ సైక్లోన్ అన్న మాట పుట్టినది లండనులో కాదు, న్యూయార్కులో కాదు. మన బంగాళాఖాతపు గాలులను, మన కోరమాండలు తీరపు నాశనాన్ని ముందు పెట్టుకొని, కలకత్తాలో కూర్చున్న ఒక మాజీ నావికుడు దానిని సృష్టించాడు. ఆయన పేరు హెన్రీ పిడింగ్టన్. ఆయన పెట్టిన పేరును ప్రపంచమంతా వాడుతున్నది. ఆయన పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాలలో అరుదుగా కూడా కనబడదు. ఆయన జీవితాన్ని గురించి మాకు తెలిసిన నాలుగు సంగతులు విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులో జన్మించాడు. స్వస్థలం ససెక్సు సీమలోని అక్‌ఫీల్డు. చిన్ననాటనే వర్తకపు ఓడలలో చేరి, ఇండియా, చీనా సముద్రాలలో తిరిగి, కప్తాను పదవి వరకు ఎదిగాడు. తరువాత సముద్రం విడిచి బెంగాలులో స్థిరపడ్డాడు. ఓడ దిగిన కప్తానులు సాధారణంగా వ్యాపారంలో పడుదురు. పిడింగ్టన్ మనస్సు చదువు మీదకు పోయింది. ఈ దేశపు మొక్కల పేర్లకు సూచికగా ఒక పుస్తకాన్ని 1832లో ప్రకటించాడు. మట్టిని, ఖనిజాలను పరీక్షించడం నేర్చుకొని, కలకత్తాలోని ఆర్థిక భూగర్భ ప్రదర్శనశాలకు పాలకుడైనాడు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం లేని సంపుటం ఆ కాలంలో తక్కువ. సైనికులు సారాయి మాని కాఫీ త్రాగడం మేలని ఒక చిన్న పుస్తకం వ్రాసినవాడు కూడా ఆయనే. ఇన్నిటిలో వేలుపెట్టిన మనిషి ఒకదానిలోనైనా లోతుకు దిగుతాడా అని సందేహం కలగడం సహజం. ఆయన దిగినది తుఫానులలోకి.

ఆ కాలపు ఓడలకు తుఫాను అంటే ఏమిటో నేడు ఊహించడం కష్టం. ముఖ్యంగా మన తీరంలో. మద్రాసుకు అప్పుడు ఓడరేవు అంటూ లేదు; తెరపి సముద్రంలో లంగరు వేసి, చిన్న పడవలలో సరుకు దించుకొనేవారు. నెల్లూరు తీరమంతా అదే తీరు. పులికాటు మొదలు ఉత్తరంగా పోతే ఓడ తలదాచుకొనే చోటు కనబడదు. అక్టోబరు 15న మద్రాసు కోట మీది జెండాకొయ్యను దించి, డిసెంబరు 15 వరకు ఎత్తకుండా ఉంచే ఆచారం కంపెనీవారికి ఉండేది. ఆ రెండు నెలలు ఈ ఒడ్డున ఓడ నిలవడం ప్రాణంతో చెలగాటమని దాని భావం. మిగిలిన కాలంలోనైనా గాలి లేచినప్పుడు లంగరు త్రాడు నరికి నడిసముద్రంలోకి పరుగెత్తడమే కప్తానుకు మిగిలిన ఉపాయం. ఏ దిక్కుకు పరుగెత్తాలి అన్నది ప్రశ్న. గాలి ఉత్తరం నుంచి వీస్తే దానికి వెన్నిచ్చి దక్షిణానికి పోవడం సహజంగా తోచే మార్గం. తుఫాను ఒక తిన్నని గాలి అయితే అది సరైన మార్గమే. కాని వందల కప్తానులు ఆ మార్గాన పోయి, ఏ గండం నుంచి పారిపోతున్నామనుకొన్నారో దాని నడిబొడ్డుకే చేరి మునిగిపోయారు.

తుఫాను తిన్నని గాలి కాదు, తిరిగే గాలి అని కనిపెట్టినవాడు పిడింగ్టన్ కాడు. ఈ విషయంలో ఆయనకు లేని కీర్తిని కట్టబెట్టడం మాకు ఇష్టం లేదు. కోరమాండలు తీరంలో కంపెనీ ఉద్యోగం చేసిన కర్నల్ జేమ్సు కాపర్, మద్రాసు, పుదుచ్చేరి తుఫానులను పరిశీలించి, ఇవి పెద్ద సుడిగాలులే అని 1801లోనే వ్రాశాడు. ఆ మాటను అప్పుడు పట్టించుకొన్నవారు లేరు. 1821లో అమెరికాలో ఒక తుఫాను వెలసిన తరువాత రెడ్‌ఫీల్డు అనే ఆయన కాలినడకన పోతూ, ఒక ఊరిలో చెట్లు ఒక దిక్కుకు, కొంత దూరాన మరొక ఊరిలో సరిగా దానికి ఎదురు దిక్కుకు పడివుండడం చూచి, గాలి గుండ్రంగా తిరిగిందని గ్రహించాడు. విలియం రీడ్ అనే ఇంజనీరు సైనికుడు బార్బడోసు దీవిలో 1831 నాటి విధ్వంసాన్ని చూచి, తుఫానుల ధర్మాలను గురించి 1838లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ గ్రంథం పిడింగ్టన్‌ను పట్టుకొన్నది. అట్లాంటికు సముద్రంలో నిజమైనది బంగాళాఖాతంలో నిజమా కాదా తేల్చవలెనని ఆయన నడుము కట్టాడు.

ఆయన పరిశోధన చేసిన తీరు విద్యార్థులు గమనించదగినది. పరికరాలతో కూడిన ప్రయోగశాల లేదు. తుఫాను ఎదుట నిలబడి కొలిచే సాధనం లేదు. ఉన్నవి ఓడల దినచర్య పుస్తకాలు మాత్రమే. 1839 జూను మొదటి వారంలో బంగాళాఖాతంలో ఒక తుఫాను లేచింది. దానిలో చిక్కి బయటపడిన ఓడలు ఒక్కొక్కటే కలకత్తా చేరుకొన్నవి. పిడింగ్టన్ ఆ కప్తానుల పుస్తకాలను సేకరించి, ఏ తేదీన, ఏ గంటకు, ఏ ఓడ ఏ చోట ఉన్నది, గాలి ఏ దిక్కు నుంచి వీచినది, భారమితి ఎంత దిగినది అన్న వివరాలను పటం మీద గుర్తించాడు. ఒక్కొక్క కప్తాను తాను చూచినదే తుఫాను అనుకొన్నాడు. ఒకనికి ఉత్తరపు గాలి, ఇంకొకనికి పడమటి గాలి, వేరొకనికి దక్షిణపు గాలి. పుస్తకాలన్నీ ఒక పటం మీదకు చేరేసరికి, బాణపు గుర్తులన్నీ కలిసి ఒక చక్రం ఏర్పడింది. ఆ చక్రం గడియారపు ముండ్లకు ఎదురుగా తిరుగుతున్నది. భూమధ్యరేఖకు దక్షిణాన అయితే ముండ్లవెంట తిరుగుతుందని ఇతర సముద్రాల పుస్తకాలు చెప్పినవి.

ఇటువంటి పరిశోధనా వ్యాసాలు ఆయన ఇరువదికి పైగా వ్రాశాడు. వాటిలో రెండవది మన ఆంధ్రతీరానికి సంబంధించినది. 1839 నవంబరు 25న గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవును సముద్రం ముంచివేసింది. ఓడలు కట్టే వడ్రంగులకు, దోనెల మీద రంగూను వరకు పోయే సరంగులకు పుట్టినిల్లయిన ఊరు అది. సుమారు 40 అడుగుల ఎత్తున నీరు వచ్చినదనీ, మూడు లక్షలమంది మరణించారనీ, ఇరువది వేల నావలు పోయినవనీ పుస్తకాలు ఒకదానిని చూచి ఒకటి వ్రాస్తూ వస్తున్నవి. కోరంగి వంటి రేవుకు ఆ లెక్కలు మాకు నమ్మశక్యంగా తోచవు. కాని ఊరు మరి కోలుకోలేదన్నది మాత్రం కంటికి కనబడే నిజం. అంతకు ముందు 1789 డిసెంబరులో అదే ఊరిని మూడు పెనుకెరటాలు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి తుడిచిపెట్టిన వృత్తాంతాన్ని కూడా పిడింగ్టనే తన గ్రంథంలో చేర్చి నిలిపాడు. ఆయన లేకుంటే ఆ ఘోరం మరపున పడిపోయేది. అయితే ఒక లోపం చెప్పక తప్పదు. ఆయన వ్యాసాలలో ఓడలకు పేర్లున్నవి, కప్తానులకు పేర్లున్నవి. దోనెల మీద పోయిన తెలుగు సరంగులు, ఒడ్డున పోయిన పల్లెకారులు అంకెలుగానే మిగిలారు. దినచర్య పుస్తకం వ్రాయనివాడు ఆయన పటంలోకి ఎక్కలేదు.

తెలుసుకొన్నదానిని నావికుని చేతిలో పెట్టడానికి ఆయన ఒక చిత్రమైన ఉపాయం పన్నాడు. పశువుల కొమ్మును పలుచగా చీల్చి చదును చేస్తే గాజువలె అవతలి వస్తువు కనబడే రేకు వస్తుంది. ఆ కాలంలో దానిని లాంతర్లకు వాడేవారు. అటువంటి రేకు మీద వలయాలు, గాలి దిక్కులు గీయించి, ఉత్తర గోళానికి ఒకటి, దక్షిణ గోళానికి ఒకటి చొప్పున తన పుస్తకంతో జతచేశాడు. కప్తాను తన సముద్రపటం మీద ఆ రేకును పెట్టి, తనకు తగులుతున్న గాలి రేకు మీద ఎక్కడ కలుస్తుందో అక్కడ తన ఓడ ఉండేటట్లు జరిపితే, తుఫాను కేంద్రం ఎటున్నదో తెలిసిపోతుంది. గ్రంథానికి కూడా కొమ్ము పుస్తకం అని అర్థం వచ్చే హార్న్‌బుక్ అన్న పేరే పెట్టాడు. ఇంగ్లండులో పూర్వం పిల్లలకు అక్షరాలు నేర్పే పలకకు కొమ్మురేకు తొడిగేవారు, ఆ పలక పేరు కూడా అదే. మన మాటలో చెప్పవలెనంటే నావికులకు ఆయన వ్రాసినది తుఫానుల పెద్దబాలశిక్ష. 1844లో ఇండియా, చీనా సముద్రాలకు పరిమితమై వచ్చిన ఆ పుస్తకం, 1848లో అన్ని సముద్రాలకు విస్తరించి సైలర్స్ హార్న్‌బుక్ అన్న పేర వెలువడింది. చదువు తక్కువైన నావికుల కోసం 1852లో తుఫానుల మీద సంభాషణల రూపంలో ఇంకొక పుస్తకం వ్రాశాడు.

ఆ 1848 గ్రంథంలోనే సైక్లోన్ అన్న మాట లోకానికి పరిచయమైంది. పేరు మార్చవలసిన అవసరం ఏమి వచ్చింది? గేల్, స్టార్మ్, టెంపెస్టు, హరికేన్, టైఫూన్ అని అప్పటికే ఎన్నో మాటలున్నవి. పిడింగ్టన్‌కు వాటితో వచ్చిన చిక్కు ఒక్కటే. అవన్నీ గాలి ఎంత గట్టిగా వీస్తున్నదో చెప్పేవే కాని, ఎట్లా వీస్తున్నదో చెప్పేవి కావు. నావికుని ప్రాణం నిలిచేది రెండవదాని మీద. తిన్నని గాలికీ, తిరిగే గాలికీ ఒకే పేరుంటే, దినచర్య పుస్తకంలో ఆ పేరు చదివినవానికి ఏమీ తెలియదు; ఆ పేరుతో ఆలోచించే కప్తానుకు పారిపోయే దారి తెలియదు. అందుచేత బలంతో నిమిత్తం లేకుండా, ఆకారాన్ని మాత్రమే సూచించే మాట ఒకటి కావలసివచ్చింది. ఆయన గ్రీకు భాషలో వలయానికీ, ఇతర అర్థాలతోపాటు పాము చుట్టకూ చెల్లే మాటను ఎన్నుకొన్నాడు. పూర్తి వలయం అని ఆయన ఉద్దేశం కాదు. రథచక్రం వలె మూసుకొన్న గుండ్రని గీత అయితే అది నిజం కాకపోవచ్చునని ఆయనకు తెలుసు. పాము చుట్ట గుండ్రంగానే ఉంటుంది, కాని మూసుకోదు. తోక నుంచి మొదలై లోపలికి తిరుగుతూ పోతుంది. తరువాతి శాస్త్రం తుఫాను గాలులు వలయంలో కాక సర్పిలంగా లోపలికి ఒదిగి తిరుగుతవని తేల్చింది. నేడు ఉపగ్రహం పంపే చిత్రాన్ని చూచినవారికి పిడింగ్టన్ ఉపమానం సరిపోయినట్లు వేరే చెప్పనక్కరలేదు.

ఆయనకు సాక్ష్యంగా దొరికిన ఓడలలో చార్లెస్ హెడిల్ అన్నది ఒకటి. 1845 ఫిబ్రవరిలో అది మారిషసు దగ్గర తుఫానులో చిక్కి, గాలికి వెన్నిచ్చి పరుగెత్తింది. సుమారు అయిదు దినాలు అట్లా పరుగెత్తి, కప్తాను లెక్క చూచుకొంటే, బయలుదేరిన చోటికి ఎంతో దూరం పోలేదు. ఓడ తుఫాను కేంద్రం చుట్టూ అయిదు ప్రదక్షిణాలు చేసింది! గానుగెద్దు రోజంతా నడిచి గానుగ దగ్గరనే ఉన్నట్లు. తిరిగే గాలిని గురించి ఇంతకన్న స్పష్టమైన రుజువు మరొకటి ఎవరు కోరగలరు?

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మనం తెలుగు మాటగా భావించే తుఫాను మనకు తూఫాన్‌గా పారశీ, ఉర్దూల ద్వారా వచ్చినది. వాటికి అరబ్బీ నుంచి వచ్చినది. నూహ్ ప్రవక్త నాటి జలప్రళయానికి ఖురానులో వాడిన మాట అదే. అరబ్బీ నిఘంటుకారులు దానిని చుట్టి తిరగడమనే అర్థంగల ధాతువుతో ముడిపెట్టుదురు. హజ్ యాత్రికులు కాబా చుట్టూ చేసే తవాఫ్ అన్న ప్రదక్షిణం ఆ ధాతువు నుంచి వచ్చినదే. ఈ వ్యుత్పత్తిని అందరూ అంగీకరించరు. గ్రీకుల టైఫాన్ నుంచి వచ్చినదని కొందరు, ఇతర ప్రాచీన భాషల నుంచి అని కొందరు వాదిస్తున్నారు. ఆ వివాదంలో తీర్పు చెప్పే పాండిత్యం మాకు లేదు. కాని నిఘంటుకారుల మాటే నిజమైతే, పిడింగ్టన్ గ్రీకులో వెదకి తెచ్చిన అర్థం, ఆయన ఇంటి ముందు పోయే లస్కరుల నోట శతాబ్దాలుగా నలుగుతున్న మాటలోనే దాగి ఉన్నదన్నమాట. ఉర్దూలో నీటి సుడికి గిర్దాబ్, దుమ్ము లేపే సుడిగాలికి బగూలా అని వేరు వేరు పేర్లున్నవి. మంచు తుఫాను అక్కడ బర్ఫానీ తూఫాన్. తెలుగులో మాకు అన్నిటికన్న ముద్దయిన మాట వాయుగుండం. నీటిలో సుడి తిరిగే లోతైన చోటు గుండం; గాలిలో అటువంటిది వాయుగుండం. ఎవరు మొదట వాడారో కాని, అది కూడా బలాన్ని చెప్పక ఆకారాన్ని చెప్పే మాటే.

అయినా మన వాతావరణశాఖ మళ్లీ బలాన్ని బట్టియే పేర్లు పెట్టవలసివచ్చింది. గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వరకైతే వాయుగుండం, 50 నుంచి 61 వరకైతే తీవ్ర వాయుగుండం, 62 చేరితేనే తుఫాను. రేడియోలో తీవ్ర వాయుగుండం తుఫానుగా మారిందని విన్నప్పుడు, గాలి రూపం మారలేదు, వేగం ఒక గీత దాటినదని అర్థం. 2004 నుంచి మన సముద్రపు తుఫానులకు మనుషులకువలె పేర్లు కూడా పెడుతున్నారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటుతూ నెల్లూరు సీమను కుండపోతగా తడిపిన తుఫాను పేరు మిచౌంగ్.

పిడింగ్టన్ బోధించిన సూత్రం ఒడ్డున ఉన్నవారికి కూడా పనికివస్తుంది. మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం సుమారుగా మన కుడిచేతి వైపున ఉంటుంది. తూర్పు నుంచి తుఫాను నెల్లూరు వైపు వస్తున్నదంటే మొదట మనకు తగిలేది ఉత్తరపు గాలి. ఆ గాలి క్రమంగా వాయవ్యానికి, పడమటికి తిరిగితే తుఫాను మనకు ఉత్తరంగా, కావలి వైపున, తీరం దాటుతున్నదని గ్రహించాలి. ఈశాన్యానికి, తూర్పుకు తిరిగితే అది మనకు దక్షిణంగా, శ్రీహరికోట వైపున, దాటుతున్నది. ఈ రెండవదే మనకు ఎక్కువ ప్రమాదం. ఏలనగా తూర్పుగాలి సముద్రాన్ని ఒడ్డు మీదకు నెట్టుతుంది. కేంద్రం దాటిన చోటుకు ఉత్తరాన ఉప్పెన, దక్షిణాన సముద్రం వెనుకకు తీయడం మన తూర్పుతీరపు తుఫానులకు సామాన్య లక్షణం. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది; 1989 నవంబరు 8, 9 తేదీల నడుమ వచ్చినది కావలి దగ్గర దాటింది. గాలి వేగంలో రెండవది భయంకరం. ఒకే జిల్లాలో కూడా ఏ ఊరికి ఏ గాలి తగిలినది, ఏ ఊరికి నీరు వచ్చినది అన్నది ఈ సూత్రాన్ని బట్టియే.

ఇక కేంద్రం నెత్తి మీదుగానే పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వాన తెరపి ఇస్తుంది, ఒక్కొక్కప్పుడు నక్షత్రాలు కూడా కనబడుతవి. గండం గడిచిందని జనం తడిసిన సామాను బయట వేసుకొంటారు, పశువులను వెదకపోతారు. కొంతసేపటికి గాలి మొదటి దిక్కుకు సరిగా ఎదురు దిక్కు నుంచి, తొలిదానికి తీసిపోని బలంతో విరుచుకొనిపడుతుంది. ఉత్తరపు గాలికి వంగి నిలిచిన చెట్టు దక్షిణపు గాలికి విరుగుతుంది. ఆ నడిమి నిశ్శబ్దాన్ని నమ్మి బయటికి వచ్చినవారిలో ఎంతమంది పోయారో లెక్క లేదు. తుఫాను వలయమని తెలిసినవాడు ఆ నిశ్శబ్దంలో ఇల్లు కదలడు. 1927 నవంబరులో నెల్లూరును పాడుచేసిన తుఫాను నాటికి పిడింగ్టన్ పుస్తకం వచ్చి 79 ఏండ్లయింది. ఓడల మీద ఉన్నవారికి దాని సారం అప్పటికి కంఠస్థం. ఒడ్డున ఉన్నవారికి ఎవరూ చెప్పలేదు.

పిడింగ్టన్ దృష్టిలో గాలికన్న క్రూరమైనది నీరు. తుఫాను కేంద్రంతోపాటు సముద్రం ఉబ్బి కదలుతుందని, ఒడ్డు పల్లంగా ఉన్నచోట అది గోడవలె ఊళ్ల మీద పడుతుందని ఆయన కోరంగి ఉదాహరణతో వివరించాడు. ఆ జ్ఞానమే ఆయన జీవితంలో చివరి పెద్ద పనికి కారణమైంది. హుగ్లీ నది పూడిపోతున్నదన్న భయంతో, కలకత్తాకు బదులుగా సుందరవనాలలో మాట్లా నది మీద కొత్త రేవు కట్టవలెనని ప్రభుత్వంలో ఒక ఆలోచన బయలుదేరింది. 1853లో పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఒక లేఖ వ్రాసి అచ్చు వేయించాడు. ఆ చోట సముద్రానికీ భూమికీ అడ్డుగా ఉన్నవి మడ అడవులే. వాటిని కొట్టి రేవు కడితే, ఒకనాడు తుఫాను కెరటం వచ్చి అంతటినీ ఊడ్చివేస్తుందని ఆయన లెక్కలతో సహా హెచ్చరించాడు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న మనిషి ప్రభుత్వపు అభిమాన పథకాన్ని ఆ విధంగా ఎదిరించడం సామాన్య విషయం కాదు. లేఖ ఫలించలేదు. క్యానింగు ప్రభువు పేర రేవు లేచింది, వర్తకులు వాటాలు కొన్నారు, రైలు వేశారు.

తన మాట నిజమో అబద్ధమో చూడడానికి పిడింగ్టన్ బ్రతికిలేడు. 1858లో కలకత్తాలో మరణించాడు. 1864 అక్టోబరు 5న కలకత్తానే ఒక తుఫాను తాకింది. నదిలోకి ఎగదన్నిన కెరటం వలన, దాని వెనుక వచ్చిన రోగాల వలన పోయినవారు దాదాపు 60 వేలమంది. 1867 నవంబరు 1న క్యానింగు రేవు వంతు వచ్చింది. ఆయన భయపడినంత ఎత్తు కెరటం కూడా రానక్కరలేకపోయింది. సుమారు ఆరు అడుగుల నీటికే రేవు పనికిమాలినదైంది. 1872 నాటికి దానిని విడిచిపెట్టారు. నేడు ఆ ఊరు ఉన్నది, రైలు ఉన్నది, ఓడలు లేవు.

1864 నాటి దెబ్బ తరువాతనే రేవులకు తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు మొదట కలకత్తాలో ఆరంభమైంది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. కృష్ణపట్నం రేవులో నేడు ఎగురవేసే ఒకటవ నంబరు మొదలు పదకొండవ నంబరు వరకు గల ప్రమాద సూచికల వంశవృక్షాన్ని వెనుకకు తీసుకొనిపోతే ఆ నాటి ఏర్పాటుకు చేరుతుంది. అయినా హెచ్చరిక రేవు దాటి పల్లెకు చేరడానికి ఇంకొక నూరేండ్లు పట్టింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారులు ఒప్పుకొన్న లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. తుఫాను వస్తున్నదని రేడియో చెప్పింది. తుఫాను అంటే గాలి, వాన అని విన్నవారు అర్థం చేసుకొన్నారు. సముద్రం వస్తుందని ఆ మాటలో వారికి వినబడలేదు.

ఆ తరువాతనే మన తీరపు పల్లెలలో ఎత్తైన స్తంభాల మీద కాంక్రీటు ఆశ్రయ భవనాలు లేచినవి. గాలివాన లేని దినాలలో వాటిలో పిల్లలకు బడి జరుగుతుంది, వలలు ఆరవేస్తారు. పల్లెలోని ముసలమ్మలు కూడా గాలి లేచినప్పుడు తుఫాను వస్తున్నదంటారు, నీరు వచ్చినప్పుడు ఉప్పెన అంటారు. ఆ భవనాన్ని మాత్రం సైక్లోన్ షెల్టరు అనే పిలుస్తారు.